లక్ష్మీదేవికి చదువు రాదట

వంతెన మీద

మా గుంతకల్లు వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి బెజవాడ కంటే ముందు కృష్ణ కనిపిస్తుంది. రైలు వంతెన ఎక్కగానే పెట్టెలో కునుకుతున్న వాళ్ళంతా లేచి చిల్లర వెతుక్కున్నారు. కిటికీ చువ్వల్లోంచి పైసలు నదిలోకి విసిరి, చేతులు కళ్ళకద్దుకున్నారు. మా వైపు వేసవి వస్తే బిందెల లెక్కన నీళ్ళు కొనుక్కుంటాం. నీళ్ళకి ఊరికే డబ్బిచ్చేవాళ్ళని చూడటం నాకదే మొదలు. ఎదురుగా కూర్చున్న లక్ష్మీదేవి నా చెయ్యి పట్టి ఊపింది. ఇన్ని నీళ్ళూ ఎవరివని సైగలతో అడిగింది.

లక్ష్మీదేవి మా బడి పిల్ల. మాది చెవిటి పిల్లల కోసం మిషన్ వాళ్ళు నడిపే హాస్టలు బడి. నేను అక్కడ తెలుగు చెబుతాను. లక్ష్మీదేవికి పుట్టుకతోనే చెవుడు. తండ్రి రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగుమన్. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన భుజాన ఎత్తుకొచ్చి మా బళ్ళో దింపిపోయాడు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తను పలికే మాటలు మాకు అర్థమవుతాయి గాని కొత్తవాళ్ళకి కావు. కానీ చేతికి తెలుగు పుస్తకం ఏదిచ్చినా గడగడా చదివేస్తుంది. అక్షరం అంటే ఏమిటో ఆ పిల్ల బుర్రకి ఎక్కించడానికి నాకు పట్టిన కాలం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు అలిసిపోతుంది.

ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఒక వారం రోజులు నిజమైన పనిచోట ఉంచి, ఏ పని పడుతుందో చూడాలని మా హెడ్మిస్ట్రెస్ ఆ ఏడే మొదలుపెట్టారు. బెజవాడ భవానీపురంలో నా స్నేహితురాలు మార్తమ్మ నర్సుగా ఉంది. ఆమె భర్త ప్రకాశం గారు రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తా. అక్కడ రెండు చోట్ల మాట్లాడి పెట్టారు. అలా ఫిబ్రవరిలో మా ప్రయాణం కుదిరింది.

భవానీపురం

స్టేషను దగ్గర రిక్షా అతను "ఎక్కండమ్మా, మీరెంతిస్తే అంతేనండీ" అన్నాడు. దిగాక మాత్రం నేనిచ్చింది చూసి, అంత మర్యాదగానే, ఇంకో అర్ధరూపాయి వసూలు చేశాడు. ఈ ఊళ్ళో కసురుకోవడం కూడా అండీతోనే. మా సీమలో ప్రేమగా పిలిచినా కసిరినట్టే ఉంటుంది. నాకు అలవాటు పడటానికి రెండు రోజులు పట్టింది.

మార్తమ్మ మధ్యాహ్నం గోంగూర పచ్చడి వేసింది. కారానికి మా జిల్లాని మించింది లేదని గొప్పలు పోయి, పచ్చడిలోని పండుమిరపకాయ ఒకటి కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. లక్ష్మీదేవి పగలబడి నవ్వి, తను రెండుసార్లు వడ్డించుకుని తింది.

మర్నాడు ఇబ్రహీంపట్నం వెళ్ళాం. అక్కడ కరెంటు తయారుచేసే పెద్ద కర్మాగారం కడుతున్నారు. కూలీల కోసం ఒక కాంట్రాక్టరు నడిపే క్యాంటీనులో పని చూపిస్తామన్నారు. ఆ మేనేజరు మాకు టీ ఇచ్చాడు, బిస్కట్లు తెప్పించాడు. లక్ష్మీదేవిని పేరడిగాడు. ఆమె తన గొంతుతో తన పేరు పలకగానే అతని ముఖం మారిపోయింది. లారీలు తిరిగేచోటు, హారను వినపడదు, ఏదైనా అయితే నామీదకొస్తుందండీ అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. కానీ ఆ తర్వాత అతను నెమ్మదిగా, ఈ పిల్లని చూసి కూలీలు అన్నం తినడానికి శంకిస్తారేమోనండీ అన్నాడు. తాగుతున్న టీ బల్ల మీద పెట్టేశాను. లక్ష్మీదేవి అతని పెదవులకేసే చూస్తోంది. బస్సెక్కేదాకా నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ సాయంత్రం ప్రకాశం గారు వరండాలో కుర్చీ వేసుకుని, రెండోచోటు ఖాయమండీ అన్నారు. వన్ టౌన్‌లో పెద్ద ప్రెస్సు. పరీక్షల ప్రశ్నపత్రాలు కూడా అచ్చువేస్తారు. కాగితాలు మడతపెట్టే పని, నీడపట్టున ఉండొచ్చు, నచ్చితే నెలజీతం మీద పెట్టుకుంటారు. ఎవరికీ బంధువు కాని మనిషి, ఎవరికీ ఏమీ చెప్పలేని మనిషి కావాలని ఆ ప్రొప్రైటరు చాలాకాలంగా వెతుకుతున్నాడట.

"ఒక్కటే విషయమండీ," అన్నారు ప్రకాశం గారు. "ప్రశ్నపత్రాలు మడిచే గదిలో చదువొచ్చినవాళ్ళని పెట్టుకోరు. అందుకని పిల్లకి చదువు రాదని చెప్పాను. మీరూ అలాగే అనండి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన పరిహాసమాడుతున్నారేమో అనుకున్నాను. మా బడి ఉన్నదే చదువు కోసం, ఆ పిల్లకున్న ఆస్తి అదొక్కటే, దాన్ని లేదని ఎలా చెప్పమంటారని అడిగాను. ఆయన నొచ్చుకున్నారు. పొద్దుటి క్యాంటీను చూశారుగా, ఇంకో నాలుగుచోట్లకి తిప్పినా అదే జవాబండీ అన్నారు. వద్దని చెప్పడానికే నోరు తెరిచాను.

గుమ్మంలో నిలబడి మా ఇద్దరి పెదవులూ చూస్తున్న లక్ష్మీదేవి నా ముందుకు వచ్చింది. పుస్తకం తెరిచినట్టు అరచేతులు చాపి, మళ్ళీ మూసి, చెయ్యి ఊపింది. నాకు చదువు రాదని చెప్పండి అని. ఆ చెప్పడంలో దుఃఖం లేదు, సందేహం లేదు. గొడుగు పక్కన పెట్టి లోపలికి రమ్మంటే పెట్టినంత తేలిగ్గా చెప్పింది. 

వన్ టౌన్

వన్ టౌన్ సందుల్లో నడవడం ఒక విద్య. పప్పుల బస్తాలు, స్టీలు సామాను, బట్టల మూటలు మోస్తూ తోపుడు బళ్ళు ఎదురొస్తాయి. వెనకనుంచి "పక్కకండీ" అని కేక వినపడేసరికే బండి మన మీద ఉంటుంది. ఆ కేక నాకు వినపడి కూడా నా చీర కొంగు ఒక బండి చక్రంలో చిక్కుకుని చిరిగింది. కేక వినపడని లక్ష్మీదేవి మాత్రం నేలమీద నీడలు చూసుకుంటూ ఎవరికీ తగలకుండా నడిచింది.

ప్రెస్సు ఒక గోడౌను వెనక ఉంది. ప్రొప్రైటరు గారు తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి. మమ్మల్ని గౌరవంగా కూర్చోబెట్టి, పిల్ల వేళ్ళు చూశారు. సన్నటి వేళ్ళు, మడతకి బాగుంటాయన్నారు. చదువు సంగతి ఆయన అడగలేదు. ప్రకాశం గారి మాట మీద అడగాల్సిన అవసరం లేదనుకున్నారు. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

మొదటిరోజు నన్ను మడతల గది చూడనిచ్చారు. ఆడవాళ్ళు నేలమీద వరసగా కూర్చుని అచ్చైన కాగితాలు మడతపెడుతున్నారు. కొత్తవాళ్ళకి ముందు పంచాంగాలు, కరపత్రాలు ఇస్తారట. పక్కన కూర్చున్న సుబ్బాయమ్మ అనే పెద్దావిడ లక్ష్మీదేవికి వెదురు బద్దతో మడత ఎలా నొక్కాలో చూపించింది. మాట అక్కర్లేని పని. సాయంత్రానికి లక్ష్మీదేవి ఆమెతో సమానంగా పెడుతోందని ఫోర్‌మన్ చెప్పాడు. నాకు సంతోషం కలిగింది. ఆ వెంటనే ఆ సంతోషానికి సిగ్గు కూడా కలిగింది.

గురువారం, శుక్రవారం పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్ళాను. రెండు రోజులూ ఉత్సాహంగా వచ్చింది. వేళ్ళకి మసి అంటిందని మురిసిపోతూ చూపించింది. శనివారం సాయంత్రం మాత్రం నన్ను చూసి కూడా చూడనట్టు గేటు దాటింది. దారిలో సైగ లేదు. ఇంట్లో మార్తమ్మ వడ్డించిన చేప పళ్ళెం పక్కకి జరిపింది. మంచం మీద కాకుండా చాప మీద పడుకుంది. అలిసిందనుకున్నాం.

బందరు

ఆదివారం ప్రెస్సుకి సెలవు. బందరు దగ్గర సముద్రపుటొడ్డున పల్లెలో నాంచారమ్మ అనే ఆమెకి వినపడని కూతురుందనీ, చూసి సలహా చెప్పమనీ మార్తమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. నేను అప్పటిదాకా సముద్రం చూడలేదు. లక్ష్మీదేవిని వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను.

ఆ దారి నాకు కలలో దారిలాగే అనిపించింది. చాలా దూరం కాలవ బస్సుతోపాటే వచ్చింది. కాలవ మీద పడవలు, గట్టు మీద కొబ్బరిచెట్లు, అవతల కనుచూపు మేర రెండో పంటగా వేసిన పచ్చటి దాళ్వా వరి. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ళు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. కండక్టరు దిగి ఒక బండివాణ్ణి బతిమాలి చెరుకు గడలు తెచ్చి అందరికీ పంచాడు. లక్ష్మీదేవి తనకిచ్చిన గడ పక్కావిడ ఒళ్ళో పెట్టేసి, కళ్ళు మూసుకుంది. బస్సు పడలేదనుకున్నాను.

నాంచారమ్మ ఇల్లు తాటాకుల ఇల్లు. భర్త వేటకి పోతాడు, ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో అమ్ముతుంది. కూతురు గంగ ఎనిమిదేళ్ళది. చిరిగిన వల కాళ్ళకి చుట్టుకుని, పెద్దవాళ్ళతో కలిసి ముడులు వేస్తోంది. ఆ ఇంట్లో వాళ్ళూ పక్కింటివాళ్ళూ దానితో చేతులతోనే మాట్లాడుతున్నారు. ఎవరూ నేర్పని సైగలు, వాళ్ళకి వాళ్ళు కల్పించుకున్నవి. దూరంగా పడవ దగ్గరున్న తండ్రికి అది ఇక్కడినుంచే చెయ్యెత్తి ఏదో చెబితే, ఆయన అక్కడినుంచే నవ్వాడు.

నేను నా పాఠం మొదలుపెట్టాను. బడిలో వెయ్యండి, అన్నం పెడతాం, చదువు చెబుతాం అన్నాను. నాంచారమ్మ శ్రద్ధగా విని, "చదివితే పని దొరుకుద్దా అమ్మగారూ" అని అడిగింది. లక్ష్మీదేవి నా పక్కనే కూర్చుని ఉంది. ఎన్నో ఊళ్ళలో ఎందరో తల్లులకి దొరుకుతుందని చెప్పిన నాకు, ఆ రోజు నోరు పెగల్లేదు.

నాంచారమ్మ నా జవాబు కోసం ఆగలేదు. మాకు అన్నాలు పెట్టే హడావిడిలో పడింది. రొయ్యల కూర, చింతకాయ వేసిన చేపల పులుసు. పెట్టేముందు కనకాంబరాల మాల తెచ్చి లక్ష్మీదేవి జడలో పెట్టబోయింది. లక్ష్మీదేవి తల పక్కకి తిప్పుకుని, ఆమె చెయ్యి మెల్లగా తోసేసింది. నాంచారమ్మ ఒక్క క్షణం ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది.

"అమ్మగారూ, ఈ పిల్ల ఇంట్లో ఎవరన్నా పోయారా?" అని అడిగింది. "బొట్టు లేదు, తలకి నూనె లేదు. పువ్వులొద్దంటంది. మైల పడతన్నట్టుంది."

నేను క్రైస్తవురాలిని. బొట్టు లేని ముఖాలు మా ఇంట్లో మామూలే. శనివారం నుంచి నా కళ్ళముందే ఆ పిల్ల చేస్తున్నదేమిటో నాకు తట్టనే లేదు. గడ్డం పట్టుకుని ముఖం నావైపు తిప్పాను. ఏమైందని అడిగాను. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. మూతిమీద వేలితో మీసం గీసి, నాన్న అని చూపించి, అరచెయ్యి వెల్లకిలా తిప్పింది. పోయాడని. ఆ తర్వాత తన గొంతుతో "నాన్న" అంది. ఆ మాట నాంచారమ్మకి కూడా అర్థమైంది. గంగ వల వదిలేసి వచ్చి లక్ష్మీదేవి మోకాలు పట్టుకుని నిలబడింది.

వివరం రావడానికి చాలాసేపు పట్టింది. కొంత సైగల్లో, కొంత నా సంచిలో ఉన్న కాగితం మీద రాసి చెప్పింది. శనివారం మధ్యాహ్నం, మడతపెట్టాల్సిన కాగితాల మధ్య ఒక చీటీ వచ్చింది. మీ నాన్న చనిపోయాడని రైల్వే నుంచి తంతి వచ్చింది అని రాసి ఉంది. తండ్రి రైల్వే మనిషి, ప్రకాశం గారు రైల్వే మనిషి, కాబట్టి కబురు ప్రెస్సుకి రావడంలో వింతేమీ లేదు. చీటీ పక్కన పెట్టి, సాయంత్రం గంట కొట్టేదాకా మడతలు పెట్టిందట.

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. అందుకు ఆమె రాసిన జవాబు ఇప్పుడు నా దగ్గర లేకపోయినా, ఒక్క అక్షరం కూడా మర్చిపోలేదు. "పరీక్షేమో అనుకున్నా. ఏడిస్తే ఉద్యోగం పోతుంది. నిజమేమో అనుకున్నా. నాన్న లేకపోతే ఉద్యోగం ఇంకా కావాలి."

 అది పరీక్షేనని చెప్పి ఓదార్చడానికి నాకూ ధైర్యం చాల్లేదు. ఏమో, నిజమైతే?

స్టేషను బల్ల

నాంచారమ్మ అన్నం ముట్టకుండా మాతో వచ్చింది. బందరు స్టేషను మాస్టరు కుర్రవాడు. గ్యాంగుమన్ కూతురని చెప్పగానే ఇంకేమీ అడగలేదు. రైల్వే ఫోనులో బెజవాడని పట్టుకున్నాడు, వాళ్ళు ఇంకెవరినో పట్టుకున్నారు. గుంతకల్లు నుంచి జవాబు రావాలి, కూర్చోండి అన్నాడు. ఆ బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. సముద్రం చూడాలని వచ్చాను. ఆ పల్లెలో పొద్దంతా దాని పక్కనే ఉన్నాను గాని, అది ఏ రంగులో ఉందో ఇప్పుడడిగితే చెప్పలేను.

పొద్దు వాలుతుండగా మాస్టరు బయటికొచ్చాడు. నాతో కాకుండా, లక్ష్మీదేవి ముందు వంగి, పెదవులు బాగా కదిలేట్టు ఒక్కొక్క మాటే చెప్పాడు. మీ నాన్న డ్యూటీలో ఉన్నారు, బాగున్నారు, కూతురు ఎందుకడిగిందా అని కంగారుపడుతున్నారు.

లక్ష్మీదేవి అతని చేతులు రెండూ పట్టుకుంది. నాంచారమ్మ పరుగున వెళ్ళి హల్వా పొట్లం తెచ్చింది. శనివారం మధ్యాహ్నం నుంచి ఏమీ తినని పిల్ల అది మొత్తం తినేసి, వేళ్ళు నాక్కుంది.

కానీ అసలు దిగ్భ్రమ తిరుగు బస్సులో కలిగింది. రేపు ప్రెస్సుకి వెళ్ళి ఆయన్ని నిలదీస్తానన్నాను. లక్ష్మీదేవి గట్టిగా తల అడ్డంగా ఊపింది. పరీక్ష పాసయ్యాను కదా, ఇప్పుడు ఎందుకు చెడగొడతారని అడిగింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. చాలాసేపు వాదించాను. చివరికి ఉద్యోగం నీది, నిర్ణయం నీది, నేను నోరు విప్పనని మాటిచ్చాను. ఇవ్వక తప్పలేదు. నాన్న చచ్చిపోయాడనుకుంటూ కూడా చేతులు వణకనివ్వని మనిషికి నేను చెప్పేదేముంది?

సోమవారం

ప్రొప్రైటరు గారు మాకోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. కాఫీ తెప్పించారు. మీ పిల్లని పర్మనెంటుగా తీసుకుంటున్నానండీ, లోపల ప్రశ్నపత్రాల గదిలో వేస్తాను అన్నారు. నెల జీతం, పండక్కి బట్టలు, సెలవల్లో ఊరెళ్ళడానికి చార్జీలు. వేలిముద్ర కోసం ఇంకు పెట్టె, ఒక తెల్లకాగితం లక్ష్మీదేవి ముందుకు జరిపారు. తర్వాత, మెచ్చుకోలుగానే, నాతో అన్నారు.

"శనివారం చిన్న పరీక్ష పెట్టాం లెండి. కొత్తవాళ్ళందరికీ పెట్టేదే. తండ్రి పోయాడని చీటీ రాసి కాగితాల్లో పెట్టాం. నేనూ ఫోర్‌మనూ చూస్తూనే ఉన్నాం. కనురెప్ప కదల్లేదండీ."

నేను మాటిచ్చి ఉన్నాను. కాఫీ గ్లాసు పట్టుకుని నేలకేసి చూస్తున్నాను. లక్ష్మీదేవి ఆయన పెదవులకేసి చూస్తోంది. ఆయన చివరి మాట దగ్గర ఆమె ముఖం మారింది. బహుశా ఆ మెప్పే తట్టుకోలేకపోయిందేమో. ఇంకు పెట్టె పక్కకి జరిపి, ఆయన జేబులోని పెన్ను అడిగినట్టు చెయ్యి చాపింది. ఆయన ఎందుకో అర్థంకాక ఇచ్చారు. వేలిముద్ర వెయ్యాల్సినచోట గుండ్రటి అక్షరాలతో రాసి, కాగితం ఆయనవైపు తిప్పింది.

"మా నాన్న బతికే ఉన్నారు. నిన్న కనుక్కున్నాం."

ఆయన అది రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీశారు. లక్ష్మీదేవి వైపు చూడలేక నా వైపు తిరిగి, చదువు రాదన్నారు కదండీ అన్నారు. కోపంగా అనలేదు. ప్రశ్నపత్రం ఒక్కటి బయటికి పొక్కితే ప్రెస్సు మూతపడుతుంది, ఇంతమంది కూడు పోతుంది, ఇంకేం చెయ్యమంటారు నన్ను అన్నారు.

"ఒక పగలూ ఒక రాత్రీ, మళ్ళీ ఒక పగలూ ఈ పిల్లకి తండ్రి లేడండీ," అన్నాను. 

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పనిచేసిన రోజుల కూలి లెక్కకట్టి ఇచ్చారు. లక్ష్మీదేవి తీసుకుని, నమస్కారం పెట్టి, బయటికి నడిచింది.

ఉద్యోగం అలా పోయింది. ప్రకాశం గారు మాతో ఆ పూట మాట్లాడలేదు, రైలెక్కించేటప్పుడు మాత్రం పళ్ళు కొనిచ్చారు. లక్ష్మీదేవి తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చుంది. ఇప్పుడు నంద్యాలలో ఒక చిన్న ప్రెస్సులో పెళ్ళి శుభలేఖలకి అక్షరాలు కూరుస్తోంది. జీతం బెజవాడలో ఇస్తామన్న దానిలో సగం. నాంచారమ్మ జూన్‌లో గంగని తీసుకొచ్చి బడిలో చేర్చింది. నేను జవాబు చెప్పని ప్రశ్న ఆమె మళ్ళీ అడగలేదు.

ఇదంతా తర్వాతి మాట. ఆ సోమవారం జరిగింది ఇంకొకటి ఉంది. మేం సందు చివర సోడా కొట్టు దాకా వచ్చేసరికి వెనకనుంచి ఎవరో నా భుజం తట్టారు. మడతల గదిలోని సుబ్బాయమ్మ. మంచినీళ్ళకని చెప్పి వచ్చిందట. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"నాకూ చదువొచ్చమ్మా," అంది. "అయిదు దాకా చదివా. నేను చేరిన కొత్తలో, మా పిల్లోడు కాలవలో పడి పోయాడని రాసి పెట్టారు."

 లక్ష్మీదేవి ఆమె పెదవుల మీది మాట పట్టుకుంది. చేత్తో చిన్నపిల్లవాడి ఎత్తు చూపించి, ఏమయ్యాడని అడిగింది. సుబ్బాయమ్మకి ఆ సైగ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

"గంట కొట్టాక ఇంటికి పరిగెత్తా తల్లీ. వాకిట్లో గోళీలాడుకుంటన్నాడు. ఎత్తుకుని ఏడుత్తంటే భయపడి నన్ను రక్కేశాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడాడికి ఇద్దరు పిల్లలు."

ఎవరికీ చెప్పమాకండమ్మా అని నా చెయ్యి ఒకసారి నొక్కి, వచ్చినంత వేగంగా గోడౌను వెనక్కి వెళ్ళిపోయింది. అందుకే ఆ ప్రెస్సు పేరు ఇందులో రాయలేదు. సుబ్బాయమ్మ కూడా ఆమె పేరు కాదు.